ముప్ఫై ఒకటో సలహా

ఈక్వెడార్ దేశంలో దొడ్డికెళ్తే కాగితాన్ని కమోడ్‌లో వెయ్యకూడదని, పక్కనున్న బుట్టలోనే వెయ్యాలని భోగాపురం మండలంలో మొట్టమొదట తెలుసుకున్న మనిషిని నేనే అయ్యుంటాను. ఆ దేశం నేను చూడలేదు, చూడబోను. కానీ ఆ వేసవిలో దాని గురించి నన్నడగనివాళ్ళదే పాపం.

ఫోన్లో నెట్టు ఉచితంగా వచ్చిపడ్డ ఏడాది అది. మావారు హరిబాబు సముద్రం ఒడ్డునున్న రొయ్యల హేచరీలో మేనేజరు. తల్లి రొయ్యలచేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువులవాళ్ళకి అమ్మే చోటది. ఈక్వెడార్‌లో తల్లి రొయ్యల్ని ఎలా ఏరి పెంచుతున్నారో చూసి రావడానికి ఒక మనిషిని మూడు వారాలు పంపిస్తానని జనవరిలో యజమాని అన్నాడు. ఒక మనిషంటే మేనేజరే కదా అని మేం పాస్‌పోర్టు తీయించాం. టిక్కెట్లు చూసే ఏజెంటు ఫోన్లో చెప్తే మావారు ఫిబ్రవరిలో విశాఖ వెళ్ళి, పోర్టు ఆఫీసులో ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకొచ్చారు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలట. వేయించుకున్నట్టు పసుపురంగు కార్డొకటి ఇస్తారు. అది లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని ఏజెంటు చెప్పాడు. పోయేటప్పుడా, వచ్చేటప్పుడా అని మేం అడగలేదు.

ఆ కార్డుని టీవీ పక్కన, దేవుడి పటానికి చేరేసి నిలబెట్టాను. వచ్చినవాళ్ళందరికీ కనబడాలిగా. కొత్తవలస నుంచి మా నాన్న వచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పశువులకి కూడా ఇలాగే ఇస్తారే అన్నారు. అయినా నేను నొచ్చుకోలేదు. అప్పటికే ఈక్వెడార్ గురించి రాత్రీ పగలూ చదివి, సాలూరు లారీల వెనక రాసుకున్నంత పెద్దక్షరాల్లో వీధంతా చాటింపు వేసుకుని ఉన్నాను.

ఏప్రిల్లో యజమాని మనసు మారింది. "హరిబాబుకి కాగితాలు తెలుసు. యుగంధర్‌కి రొయ్య తెలుసు" అన్నాడట, అందరి ముందూ.

మావారు ఇంటికొచ్చి ఆ మాట మామూలుగానే చెప్పారు. అంత దూరం విమానంలో కూర్చుంటే తన నడుం పట్టేసేదని, పోనీలే మంచిదే అయిందని అన్నారు. తర్వాత స్నానానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. బకెట్ నీళ్ళకి అంతసేపు పట్టదు. తలుపవతల నిలబడి నేను ఒక నిర్ణయానికి రాలేదు గానీ, ఒక కోపానికి వచ్చాను.

యుగంధర్ పరాయివాడు కాదు. సముద్రం ఒడ్డునున్న ముక్కాం అనే ఊళ్ళో చేపలు పట్టుకు బతికే కుటుంబం వాళ్ళది. తొట్టెలు కడిగే పనిలో చేరి ఏడేళ్ళలో టెక్నీషియన్ అయ్యాడు. వాడు నీళ్ళలో చెయ్యి పెడితే తల్లి రొయ్య బెదరదని చెప్పుకుంటారు. వాడి తల్లి తవిటమ్మ తొమ్మిదేళ్ళుగా మా గుమ్మంలో చేపల గంప దించుతోంది. ఎంత కొన్నా, ఎంత గీసి గీసి బేరమాడినా, ఆఖర్న ఒక చేప గిన్నెలో ఊరికే పడాల్సిందే. వద్దన్నా వినేది కాదు. "కొసరు యెయ్యని సేతికి గంగమ్మ పెట్టదు" అనేది. అది నా కోసం వేసే చేప కాదని, ఆ చెయ్యికీ సముద్రానికీ మధ్య లావాదేవీ అని నాకు తొందరగానే అర్థమైంది. తినేది మాత్రం మేమే.

ఏప్రిల్ మధ్యలో సముద్రంమీద రెండు నెలల వేట నిషేధం మొదలైన పదో రోజు తల్లీ కొడుకూ ఇద్దరూ వచ్చారు. పడవలన్నీ ఒడ్డుమీద ఉన్నాయి కాబట్టి గంపలో ఎండు నెత్తళ్ళు మాత్రమే ఉన్నాయి. యుగంధర్ వరండా గట్టుమీద సగమే కూర్చున్నాడు, మా ఆయన కుర్చీలో కూర్చున్నట్టు ఎవరైనా అనుకుంటారేమోనని.

"అన్నకి రావాల్సింది వదినా ఇది" అన్నాడు తల దించుకుని. "నానడగలేదు."

"ఎవరైతే ఏంటి" అన్నాను. నాటకాల్లో చేరి ఉంటే బాగా రాణించేదాన్ని.

తవిటమ్మకి సూటిగా మాట్లాడటం అలవాటు. "అమ్మా, మావోడు అదేటో దేశం ఎల్తన్నాడు. అక్కడేటి తినాల, ఏటి తినకూడదు, ఏటి మోసుకెల్లాల, నీకు తెలిసినట్టు ఇంకెవలికి తెలస్తాది? ఒక కాయితం మీద రాసీయి. ఆడు నాలుగు దినాలు ముందే వచ్చీయాల. ఝాన్సీ పెల్లి ఉన్నాది."

ముక్కాంలో పెళ్ళిళ్ళన్నీ ఆ రెండు నెలల్లోనే. మగాళ్ళు ఒడ్డున ఉండేది అప్పుడే. యుగంధర్ చెల్లెలు ఝాన్సీకి కళింగపట్నం వైపు సంబంధం కుదిరింది. జూన్ ఏడున ముహూర్తం. తండ్రి ఎల్లాజీ పదకొండేళ్ళ కిందట సముద్రం మీదకి వెళ్ళి తిరిగి రాలేదు. కాబట్టి పెళ్ళికొడుకు కాళ్ళు కడగాల్సింది అన్నే. యుగంధర్ జూన్ మూడుకి వచ్చేలా టిక్కెట్టు తీశారు. పెళ్ళి ముందు కొడుకుని అంత దూరం పంపడానికి పెళ్ళికొడుకు తండ్రి జగన్నాధాన్ని ఎలా ఒప్పించిందో తవిటమ్మ చెప్పి చెప్పి నవ్వింది. పిల్లని పీటల మీదకి తెచ్చేది మేనమామైనా, పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేది మాత్రం తన కొడుకేనందట.

నేను పాత నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. ఆ కాసేపట్లో నేను పొందిన సుఖం అబద్ధం కాదు. వేడి మన విజయనగరంలాగే ఉంటుంది కాబట్టి నూలు బట్టలు చాలు. రాజధాని మాత్రం కొండమీద ఉంది, అక్కడ మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, భయపడకు. కొళాయి నీళ్ళు తాగొద్దు. వాళ్ళకి సొంత డబ్బు లేదు, అమెరికా డాలర్లే, అవీ చిన్న నోట్లే పట్టుకెళ్ళు, పెద్ద నోటు చూస్తే దుకాణంవాడు మొహం తిప్పుకుంటాడు. మన ఛార్జరు పిన్ను వాళ్ళ గోడలో దూరదు. వీధిలో ఫోను చేత్తో పట్టుకుని నడవకు. గదిలోకి వెళ్తే ఉన్నవాళ్ళందరినీ పలకరించాలి, లేకపోతే పొగరనుకుంటారు. దాహమైతే ఆగ్వా అనాలి, ఇచ్చాక గ్రాసియాస్ అనాలి.

"ఎండుసేపలట్టుకెల్లొచ్చా?" అని తవిటమ్మ అడిగింది.

ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారని చెప్పాను. అది విని ఆ దేశంమీద ఆవిడకి మొదటిసారి అనుమానం వచ్చింది. అక్కడ పచ్చి అరటికాయ వేయించి ప్రతిదాన్లోనూ పెడతారని చెప్తే మళ్ళీ కాస్త కుదుటపడింది.

పద్దెనిమిదో నంబరు ఇప్పటికీ గుర్తుంది: ఏ ఎయిర్‌పోర్టులోనైనా ఆఫీసర్లు ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు, దాచకు. దాని కింద గీత కూడా గీశాను.

ముప్ఫైకి ఆపి పెన్ను మూతపెట్టబోతుంటే తవిటమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముప్పై అయినాయి. మరి కొసరేదమ్మా? నానెప్పుడైనా కొసరెయ్యకండా లెగిసేనా?"

తలుపు తెరిచే ఉంది. ఆవిడ భుజం వెనక టీవీ, దేవుడి పటం, పసుపు కార్డు. నాకు కనబడుతూనే ఉన్నాయి. ఒక్క వాక్యం. విశాఖ వెళ్ళు, టీకా వేయించుకో. ఇంకా పదిహేడు రోజులుంది. ఏజెంటు ఆ మాట మావారికి ఒకసారి చెప్పేసి ఊరుకున్నాడు, యుగంధర్‌కి చెప్పాల్సింది ఇక మేమే.

ముప్ఫై ఒకటి అని వేసి, పక్కన రాసింది పైకి చదివాను: "వచ్చేటప్పుడు వదినకి చాక్లెట్లు తేవలెను."

అందరం నవ్వాం. తవిటమ్మే ఎక్కువ నవ్వింది. లేచేటప్పుడు నా చేటలో దోసెడు నెత్తళ్ళు కొసరు పోసింది.

మర్చిపోయానని ఇన్నేళ్ళలో చాలామందికి చెప్పాను. ఇక్కడ చెప్పను. అతన్ని ఏ ఎయిర్‌పోర్టులోనో ఆపేస్తారు, యజమాని చివరి నిమిషంలో తల పట్టుకుంటాడు, కార్డున్న మనిషి ఎవరని చూస్తే మా ఇంట్లో ఉంటాడు. అంతవరకూ ఊహించాను. ఊహకి సిగ్గుండదు. ఎవరికీ ఏం పోదు, ఎవడి చోటు వాడికి వస్తుంది అంతే అనుకున్నాను.

ఆ సాయంత్రం మావారు కాళ్ళు కడుక్కుంటూ అడిగారు.

"ఇంజక్షన్ సంగతి రాసేవా?"

"ఆ."

"పది రోజుల ముందని?"

"రాసేనండీ. రేపటికి వంకాయ తెమ్మంటారా, బెండకాయా?"

బెండకాయ అన్నారు.

యుగంధర్‌ని ఎవరూ ఆపలేదు. మే పన్నెండున బయల్దేరిన మనిషి, మధ్యలో రెండుచోట్ల విమానాలు మారి, సముద్రం ఒడ్డునున్న ఆ ఊరు చేరి, తల్లి రొయ్య పక్కన నిలబడి ఫొటో పంపించాడు. కింద "వదినా మీరు సెప్పినట్టే, ఛార్జరు దూరలేదు" అని. రోజూ ఒకటి వచ్చేది. చిన్న నోట్లు మంచిపని చేశాయని ఒకరోజు. అందరినీ పలకరిస్తుంటే అక్కడి ముసలావిడొకామె తనని కొడుకంటోందని ఇంకోరోజు. తవిటమ్మ ఆ ఫొటోలు నా ఫోన్లోనే చూసేది, వేలితో తెరమీద రొయ్యని ముట్టుకునేది.

ఆ రోజుల్లోనే కూర్చుని మళ్ళీ చదివాను. ఈసారి నిజంగా తెలుసుకోవడానికి. కార్డు అడిగేది పోయేటప్పుడు కాదు, తిరిగొచ్చినప్పుడు, మన దేశంలో. లేకపోతే ఆరు రోజులు పక్కన పెడతారు. టీకా ఆ దేశంలోనూ వేస్తారు. వేసి పది రోజులు గడిస్తే చాలు. అతను తిరిగి రావడానికి ఇంకా పదిహేను రోజులుంది.

"యుగంధర్, ఒక సంగతి చెప్పడం" అని టైపు చేశాను. తర్వాత ఏం రాయాలి? మర్చిపోయానని రాస్తే, కార్డు ఇంట్లో పెట్టుకుని ఎలా మర్చిపోయారు వదినా అంటాడు. తెలీదని రాస్తే, అన్నకి తెలుసు కదా అంటాడు. చెరిపేశాను. మర్నాడు మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. అలా రోజులు పదికి దిగాయి, తొమ్మిదికి దిగాయి. ఆ తర్వాత ఇక రాసీ లాభం లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. నన్ను గురించి నేను తెలుసుకున్నవాటిలో అన్నిటికన్నా నీచమైనది ఆ ఊపిరే.

జూన్ మూడున అతను ఢిల్లీలో దిగాడు. గడిచిన ఆరు రోజుల్లో ఎక్కడున్నావని అడిగారట. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పద్దెనిమిదో నంబరు.

కార్డు లేదని ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టేశారు. ఆ మాట అప్పటికింకా మా జిల్లాలో ఎవరికీ నోరు తిరగదు. ముక్కాం చేరేసరికి అది "పరాయి దేశం రోగం" అయిపోయింది. ఆ సాయంత్రానికి కళింగపట్నం దాకా పాకింది. మర్నాడు పొద్దున్న తవిటమ్మ గంప లేకుండా మా గుమ్మంలోకి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ తలమీద గంప లేకుండా నేను చూడటం అదే మొదలు. మనిషి పొట్టిగా కనబడింది.

"మావోడికి ఒంట్లో ఏటీ నేదంట. ఫోన్ సేసి సెప్పినాడు. మరి ఏల ఒగ్గరమ్మా? పెల్లోరు వస్తన్నారు మాట్టాడ్డానికి. నాకేటి తెలస్తాది, నువ్వు రా."

బట్టలు మార్చుకుంటానని లోపలికెళ్ళాను. రోగం కాదని నోటితో చెప్తే వాళ్ళు నమ్మరు. చూపించాలి. చూపించడానికి ఉన్నది ఒక్కటే. దేవుడి పటం దగ్గర నిలబడి చాలాసేపు ఆ కార్డు వంక చూశాను. ఆటోలో దాన్ని చీర కుచ్చిళ్ళ మీద అరచేతి కింద పెట్టుకుని కూర్చున్నాను. కొత్త విమానాశ్రయం ఇక్కడికే వస్తుందని ఆటో అతను తోటలు చూపిస్తూ వచ్చాడు. తవిటమ్మ వినలేదు. నేనూ వినలేదు.

ముక్కాంలో వాళ్ళింటిముందు పందిరి రాటలు అప్పటికే పాతి ఉన్నాయి, ఆకులింకా కప్పలేదు. జగన్నాధం, ఇద్దరు పెద్దలు, పెళ్ళికొడుకు ధనరాజ్ మంచాలమీద కూర్చున్నారు. తవిటమ్మ తమ్ముడు లక్ష్ముడు రాటనానుకుని నిలబడ్డాడు. ఝాన్సీ తలుపు వెనక ఉంది. పసుపు పూసిన పాదాలు మాత్రం గడప మీద కనబడుతున్నాయి.

జగన్నాధం మర్యాదస్తుడే. "మాకేటి అనుమానం నేదు తవిటమ్మా" అన్నాడు. "ఆడంగులే బయపడతన్నారు. ఆ బాబు రానీ, నెమ్మదిగా సేసుకుందాం. సావనం ఉన్నాది గదా."

శ్రావణానికి పడవలన్నీ నీళ్ళమీద ఉంటాయి. అప్పటికి ఆ పిల్ల రోగం ఇంటి పిల్ల అయిపోయి ఉంటుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆ మాటన్న జగన్నాధానికి కూడా. గడప మీద పాదాలు వెనక్కి వెళ్ళిపోయాయి.

నేను లేచి నిలబడ్డాను. కాలేజీలో వక్తృత్వపు పోటీలో మూడో బహుమతి వచ్చిన మనిషిని. రోగమేమీ లేదని, ఒక టీకా కాగితం చేతిలో లేకపోవడం వల్ల ఆపారని, ఆరు రోజులు కాగానే అణాపైసలతో సహా మనిషిని అప్పజెప్తారని చెప్పాను. అణాపైసల మాటకి ఎవరూ నవ్వలేదు. పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు అరచెయ్యి తెరిచాను.

"ఇదిగో, ఇలాంటి కార్డు. ఇది లేకే."

ధనరాజ్ ఐటీఐ చదివాడు. దాన్ని తీసుకుని అందరికీ వినబడేలా చదివాడు. పేరు హరిబాబు. టీకా ఎల్లో ఫీవర్. తేదీ ఫిబ్రవరి పదమూడు. చదివి, తండ్రి చేతికిచ్చి, "నిజమే నాన్నా, కాయితమే" అన్నాడు. "ఏడో తారీకే సేసీండి." ఆ అబ్బాయి చాలా మంచివాడు. ఇప్పటికీ మంచివాడే.

జగన్నాధం కార్డుని బొటనవేలితో తడిమాడు. "మీ ఇంటిలోన ఉన్నాది గదమ్మా ఇది. మరా బాబుకేల నేకపోయింది?"

అతను తప్పు పట్టడానికి అడగలేదు. ఊరికే అడిగాడు.

"మర్చిపోయానండీ" అన్నాను.

తవిటమ్మ నా మొహం చూడలేదు. ముందుకి వంగి కార్డునే చూసింది. ఆవిడకి చదువు రాదు. రంగు తెలుసు.

"ఇది టీవీ కాడ ఉంటాది" అంది నెమ్మదిగా. "నాను రోజూ సూస్తాను."

అంతే. అని లోపలికెళ్ళి అందరికీ టీ తెచ్చింది. నాకూ ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ జగన్నాధం, చదువుకున్న మనిషి ఒకరుంటే ఊరికి ఎంత మంచిదో అని నన్ను గురించి పెద్దలతో అన్నాడు. తవిటమ్మ ఔనంది.

ఏడో తారీకునే పెళ్ళయింది. పెళ్ళికొడుకు కాళ్ళు లక్ష్ముడు కడిగాడు. పక్కన ఎవరో ఫోను ఎత్తి పట్టుకుంటే, ఢిల్లీలో ఒక గదిలో దోమతెర లోపల కూర్చుని యుగంధర్ చూశాడు. నీళ్ళు పోసే సమయానికి బొమ్మ ఆగిపోయింది. అతని మొహం తెరమీద అలా నోరు తెరుచుకునే నిలిచిపోయింది. కాసేపు చూసి, ఫోను పట్టుకున్నతను చెయ్యి దించేశాడు.

మా ఇంట్లో, ఆ కార్డు తిరిగి పటం దగ్గరికి చేరలేదు. మావారు దాన్ని తీసి బీరువాలో బట్టల కింద పెట్టారు. బీరువా మూసి తాళం వేస్తూ అన్నారు, నా వైపు తిరక్కుండానే.

"రాసేనన్నావు."

అంతకుమించి ఈనాటికీ ఒక్క ముక్క అనలేదు. అంటే బాగుండేది.

యుగంధర్ ఊరొచ్చిన మర్నాడే మా ఇంటికొచ్చాడు. అన్నకి తాటాకులా సన్నగా అల్లిన టోపీ, నాకు చాక్లెట్లు. ముప్ఫై ఒకటో నంబరు మర్చిపోలేదు వదినా అన్నాడు. ఒక్కొక్క సలహా ఎలా పనికొచ్చిందో వేళ్ళమీద చెప్పాడు. కార్డు మాట ఎత్తలేదు. తల్లి అతనికి చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఎందుకు చెప్పలేదో, మా ఆయన కింద పనిచేసే కొడుకు కోసమో, తొమ్మిదేళ్ళ గుమ్మం కోసమో, నేనడగలేదు. అడిగే మొహం లేదు.

నిషేధం తీరి పడవలు కదిలిన మూడో రోజు తవిటమ్మ గంప దించింది. నిగనిగలాడే కానాగంతలు. ఝాన్సీ అత్తారింట్లో బాగుందని చెప్పింది, మా అమ్మ మోకాళ్ళ నొప్పి అడిగింది, ఎండ గురించి తిట్టింది. బేరం నేను ఆడలేదు. పది చేపలు లెక్కపెట్టి గిన్నెలో వేసింది. చేతులు గంప అంచుకి తుడుచుకుంది. తడిగుడ్డ కప్పింది.

"సరిపోనాదా అమ్మా?"

"సరిపోయింది."

ఇప్పటికీ వస్తుంది. అవే కబుర్లు, అదే నవ్వు, పదంటే పదే. గుడ్డ కప్పాక కూడా నా గిన్నె ఇంకొక్క క్షణం ముందుకే చాచి ఉంటుంది. ఆవిడ అది చూస్తుంది. చూసి, తలమీద చుట్టకుదురు సర్దుకుని, గంప ఎత్తమంటుంది. ఎత్తుతాను.